ఇంజన్ ఒక ఏటిది, గేరు బాక్సు ఇంకో ఏటిది

మొదటి గేరు విలువ తెలియాలంటే నిమజ్జనం నాడు బండి నడపాలి. బాలాపూర్ గణపతి ఫలక్‌నుమా, శాలిబండ దాటి చార్మినార్ చేరేలోపు మా గౌలిపుర గల్లీల్లోని బండ్లన్నీ ఆ వరసలో కలుస్తాయి. ముందు డప్పు, వెనక డీజే, నడుమ మనిషి నడక కంటే నెమ్మదిగా పాకే బండి. అఫ్జల్‌గంజ్ వచ్చేసరికి క్లచ్ ప్లేట్లు మాడిన వాసన గుప్పుమంటుంది. డ్రైవర్లు దిగి బోనెట్లు ఎత్తుతారు. పాపం, జబ్బు బోనెట్ కింద లేదు.

మా జీపుకి ఆ వాసన రాలేదు. అందులో 1980ల నాటి మహీంద్రా ఎంఎం 540 ఇంజన్, 2000 తర్వాతి బొలెరో గేరు బాక్సు ఉన్నాయి. రెండూ ఒక కడుపున పుట్టినవి కావు. పుట్టినట్టు నడిపించినవాడు మా ఉస్తాద్. పేరు రాయొద్దన్నాడు. "రాస్తే ఇన్‌కమ్ ట్యాక్సోడొస్తడు" అని నవ్వాడు.

చరిత్ర రెండు ముక్కల్లో. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిలిటరీ వేలాల్లో పాత జీపులు ఊళ్లలోకి వచ్చాయంటారు. 1947లో విల్లీస్ జీపుల వ్యాపారం మహీంద్రాల చేతికి వచ్చింది. ఆ జీపుల్లో సీజే 3బీ అనే మోడల్‌కి ఉన్నది టీ90 అనే మూడు గేర్ల పెట్టె. అందులో ఫస్టుకి, తిరిగే గేర్లని ఒకే వేగానికి తెచ్చి కలిపే సింక్రో లేదు, బండి పూర్తిగా ఆగితే తప్ప మెత్తగా పడదు. తర్వాత ప్యూజో డీజిల్ ఇంజన్ వచ్చింది, 2112 సీసీ. నా ఓటు ఎప్పుడూ దానికే. దాని చప్పుడు వినని వాళ్లతో నేను వాదించను. నాలుగు గేర్లొచ్చాయి, అయిదు గేర్లొచ్చాయి. ప్రతి మార్పుకీ ఒక పాత బండి యజమాని కొత్త బండి పెట్టె మీద కన్నేశాడు. ఎందుకంటే పాత పెట్టెలో టాప్ గేరంటే ఇంజన్ ఒక చుట్టుకి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక చుట్టు, అంతే. ఆ విల్లీస్ వరస జీపుల్లో చక్రం ఒకసారి తిరగాలంటే షాఫ్ట్ 5.38 సార్లు తిరగాలి. అరవై దాటితే బండి ఏడుస్తుంది. అయిదో గేరు ఆ ఏడుపు మాన్పుతుంది.

మార్చడం అంటే బోల్టులు విప్పి బోల్టులు బిగించడం అనుకునేవాడు ఉస్తాద్ షెడ్డుకి ఒక్క పూట రావాలి. ముందు క్లచ్ ప్లేటు. దాని వెలుపలి చుట్టు ఇంజన్ ఫ్లైవీల్‌కి సరిపోవాలి, లోపలి పళ్లు గేరు బాక్సు షాఫ్ట్‌కి సరిపోవాలి. ఇద్దరు వియ్యంకుల్నీ మెప్పించాల్సిన పెళ్లిపెద్ద లాంటిదది. మార్కెట్లో అలాంటి ప్లేటు దొరకదు. ఉస్తాద్ పాత ప్లేటు రివెట్లు కోసి, నడిమి బుష్షు తీసేసి, కొత్త పెట్టె పళ్లున్న బుష్షు వేసి మళ్లీ రివెట్ కొడతాడు. తర్వాత క్రాంక్ చివర ఉండే పైలట్ బుష్షు. గేరు బాక్సు షాఫ్ట్ ముక్కు అందులో ఆనుతుంది. ముక్కు సన్నమైతే గన్ మెటల్ ముక్కని లేతులో తిప్పించి కొలతకి తెస్తాడు. లేతు మేస్త్రి పక్కనే నిలబడి, మెటల్ చల్లారాకే మైక్రోమీటర్ పెట్టమంటాడు. వేడి మీద కొలిస్తే అబద్ధం చెబుతుందట.

అసలు విద్య ఆ తర్వాత. ఇంజన్‌కీ గేరు బాక్సుకీ నడుమ బెల్ హౌసింగ్ ఉంటుంది. దాని నడిమి రంధ్రం, క్రాంక్ నడిమి గీత ఒకే సూటిలో ఉండాలి. తేడా అంగుళంలో వెయ్యోవంతులు అయిదు దాటితే పని చెడినట్టే. అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. దాటిందా, బేరింగ్ ఈల వేస్తుంది, టాప్ గేరు దానంతట అదే ఊడి వస్తుంది. డయల్ గేజ్ ఉన్నవాడికి ఇది సులువు. ఉస్తాద్ గేజ్ చెడిపోయి ఏళ్లయింది. ఫ్లైవీల్‌కి వంచిన తీగ ఒకటి బిగిస్తాడు, కొస రంధ్రం అంచుకి తగిలీ తగలనట్టు. చేత్తో ఫ్లైవీల్ మెల్లగా తిప్పుతూ, నాలుగు చోట్ల సందులో ఫిల్లర్ గేజ్ రేకు పెట్టి చూస్తాడు. పైన వదులు, కింద బిగువు అయితే హౌసింగ్‌ని చెక్క సుత్తితో ఒక్క తట్టు. మళ్లీ తిప్పుడు. నేను చూసిన రోజు పదకొండు సార్లు తిప్పాడు. పన్నెండోసారి రేకు నాలుగు చోట్లా ఒకే బరువుతో జారింది. అప్పుడు చాయ్ తెప్పించాడు.

కొత్త పెట్టె పొడవు ఎక్కువ. అందుకని వెనక షాఫ్ట్ కోయాలి, ముందుది పెంచాలి. కోసి అతికేటప్పుడు రెండు చివర్ల క్రాసులూ ఒకే వరసలో రాకపోతే సీటు కింద భూకంపం. ఇక పాత జీపుల్లో ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది; అందులో వెనక షాఫ్ట్ పక్కకి జరిగి ఉంటుంది, యాక్సిల్ గుమ్మడి కూడా దానికి తగ్గట్టే పక్కకి ఉంటుంది. నడిమి నుంచి షాఫ్ట్ వచ్చే కొత్త కేసు తెచ్చి తగిలిస్తే షాఫ్ట్ అడ్డంగా వంకర పోతుంది. ఉస్తాద్ పాత కేసునే ఉంచి, దాన్ని కొత్త పెట్టెకి కలిపాడు. ఆ కేసులోని లో రేంజ్ వేగాన్ని దాదాపు రెండున్నర రెట్లు తగ్గిస్తుంది. నిమజ్జనంలో మా క్లచ్ బతికింది దాని పుణ్యమే.

ఉస్తాద్ చేతికే కాదు, చెవికీ విద్య ఉంది. ఒకసారి అల్విన్ నిస్సాన్ బండి వచ్చింది. గుర్తుందా, జహీరాబాద్‌లో తయారయ్యేది? మన హైదరాబాద్ వాచీల, ఫ్రిజ్‌ల అల్విన్ కంపెనీదే. ఉస్తాద్ పేచ్‌కస్ పిడి చెవికి, కొస పెట్టెకి ఆనించి, "కింది షాఫ్ట్ ఎనక బేరింగ్" అన్నాడు. విప్పితే అదే. విజయవాడ ఆటోనగర్ మిత్రులకి కోపం రావచ్చు గానీ, ఇలాంటి చెవి నాకు అక్కడ తగల్లేదు.

ఇది ఒక్క మన గల్లీ విద్య కాదు. టెక్సాస్‌లో మా మేనల్లుడు పాత షెవర్లే పికప్ కొన్నాడు. అక్కడన్నీ ఆటోమేటిక్ పెట్టెలు, మన గల్లీల్లో అవెక్కడివి! 700ఆర్4 అనే పెట్టె 1982లో వచ్చింది. 1984 దాకా షాఫ్ట్‌కి 27 పళ్లు, 1985 నుంచి 30. పైకి రెండూ ఒకటే. వీడు పాత కన్వర్టర్‌ని (ఇంజన్‌కీ పెట్టెకీ నడుమ క్లచ్ చోట ఉండేది) కొత్త పెట్టెకి ఎక్కించబోయి నాకు ఫోన్ చేశాడు. దానికి థ్రాటిల్ నుంచి ఒక కేబుల్ కూడా ఉంటుంది. అది సరిగ్గా బిగించకపోతే లోపలి క్లచ్‌లు మాడిపోతాయి. 1993లో వచ్చిన 4ఎల్60ఈకి కేబులే లేదు, కంప్యూటర్ కావాలి. ఇదంతా ఉస్తాద్‌కి చెబితే, "పండ్లు చూడకుంట ఎద్దును కొంటరానే?" అన్నాడు. పాడి పశువుల గౌలీల పేరు మీద వెలిసిన పేటలో ఇంతకంటే సరైన మాట ఎవరంటారు?

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. కబాడీలో దొరికిన పెట్టెని డీజిల్‌తో కడిగి, సిల్వర్ పెయింట్ కొట్టి, 'రీకండిషన్' అని అమ్ముతున్నారు. ఇంజన్‌కీ పెట్టెకీ నడుమ బిగించే ప్లేటు లేతు మొహం చూడదు. గ్యాస్ కట్టర్‌తో కోసిన ఇనుప రేకు, సాగదీసిన బోల్టు రంధ్రాలు. నేనూ మోసపోయాను, ఉస్తాద్ దగ్గరికి రాకముందు. ఒక దుకాణంలో కొన్న పెట్టె మూడు వారాలకి థర్డ్ గేరు వదిలేసింది. మూత తీస్తే సింక్రో రింగు పళ్లు అరిగి నున్నగా ఉన్నాయి, పైన పెయింట్ మాత్రం మెరుస్తోంది. అడిగితే 'మీరు తోలడంలో తప్పు' అన్నారు. ముప్పై ఏళ్లుగా జీపు తోలుతున్న నాతో!

కంపెనీ రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పైకప్పులు కోసి, లారీ టైర్లు తగిలించే వాళ్లని ఆపాల్సిందే, నాకు పేచీ లేదు. కానీ ఆ భయంతో కొలిచి చేసే చేతికీ, కోసి అతికే చేతికీ తేడా లేకుండా పోతోంది. ఉస్తాద్ దగ్గర ఒకప్పుడు ఆరుగురు పిల్లలు పని నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు ఒక్కడు. మిగతావాళ్లు డెలివరీ బండ్ల మీద ఉన్నారు, వాళ్లని ఏమనగలం? ఐటీఐలో మోటార్ మెకానిక్ కోర్సు రెండేళ్లు. అందులో ఒక్క నెల ఈ షెడ్డుకి పంపితే ఏం పోతుంది? ఆ పిల్లలు కనీసం తీగ, రేకు పట్టుకుని ఫ్లైవీల్ తిప్పడం చూస్తారు.

ఇంకో మనవి. మీ పెరట్లో, మీ తాతగారి షెడ్డులో ఎంఎం 540 నాటి నాలుగు గేర్ల పెట్టె తుప్పు పట్టి ఉంటే కిలోల లెక్కన కబాడీకి వేయకండి. ఉస్తాద్ షెడ్డులో రెండు నెలలుగా ఒక జీపు ఇటుకల మీద నిలబడి ఉంది. దానికి థర్డ్ గేరు సింక్రో రింగు ఒక్కటి కావాలి, ఇత్తడిది, పళ్లు బాగున్నది.