ఎరువు తెచ్చుకున్న పాట

ఒకరి పాటను మరొకరు పాడటం తప్పు కాదు. తెలుగు, కన్నడం, తమిళం కలిసే మా పుంగనూరు సీమలో పాటకు పొలిమేర ఉండదు. విమర్శకుడు అడగవలసిన ప్రశ్నలు వేరు: పాటను ఎవరి దగ్గర తీసుకున్నారు? అందులోంచి ఏది తీసేశారు? ఫలితం ఎవరికి దక్కింది?

అమెరికాలో రాక్ అండ్ రోల్ తొలినాళ్ల గాయకుడు పాట్ బూన్ 1997లో తెచ్చిన ‘ఇన్ ఎ మెటల్ మూడ్’ ఆల్బమ్‌ను ఈ ప్రశ్నలతోనే వినాలి. అరవై దాటిన బూన్ మెటాలికా, డీప్ పర్పుల్, ఆలిస్ కూపర్ వంటివారి హోరు పాటలను పెద్ద జాజ్ వాద్యబృందంతో పాడాడు. ఇందులో దాపరికం లేదు. ‘స్మోక్ ఆన్ ది వాటర్’కు డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ స్వయంగా వాయించాడు. పాటల్లోని కోపం పోయి సరదా మిగిలింది. అంతకుమించి ఎవరికీ నష్టం లేదు.

1955 నాటి బూన్ కథ వేరు. నల్లజాతి గాయకుల రికార్డులను చాలా రేడియో స్టేషన్లు దూరంగా ఉంచిన కాలమది. ఫ్యాట్స్ డామినో ‘ఎయింట్ దట్ ఎ షేమ్’ను బూన్ పాడితే బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానం దక్కింది. డామినో సొంత రికార్డు పాప్ పట్టికలో పదో స్థానం దాటలేదు. మరుసటి ఏడు లిటిల్ రిచర్డ్ ‘టుటీ ఫ్రూటీ’ని కూడా కొన్ని మాటలు మార్చి, కేకలోని పదును తగ్గించి, బూన్ నున్నగా పాడాడు. రచయితగా డామినోకు రాయల్టీ హక్కు ఉన్నమాట నిజమే. కాని ఆ గొంతుకు రావలసిన చోటు మరో గొంతుకు పోయింది.

1997 జనవరిలో బూన్ ఒంటిమీద తోలు చొక్కా, అంటించుకున్న పచ్చబొట్లతో అమెరికన్ మ్యూజిక్ అవార్డుల వేదిక ఎక్కాడు. వెంటనే ఒక క్రైస్తవ టెలివిజన్ సంస్థ అతని కార్యక్రమాన్ని ఆపేసింది. తర్వాత మళ్లీ చేర్చుకుంది. ఇక్కడే మర్యాదస్తుల నీతి బయటపడుతుంది. పరాయి గొంతును పక్కకు నెట్టినప్పుడు వారికి కష్టం కలగలేదు. వేషం మారినప్పుడు కలిగింది.

ఈ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. 1940లలో ప్రజానాట్యమండలి జంగం కథ నుంచి వచ్చిన బుర్రకథను చేపట్టి, ఆ కళ పుట్టిన జనం దగ్గరికే తీసుకుపోయింది. అది తీసుకోవడమే కాదు, తిరిగి ఇవ్వడం కూడా. మరి నాట్లువేసే ఆడవాళ్ల పాటను మనం రాసుకుని అచ్చువేసినప్పుడు కింద ఎవరి పేరు ఉంటున్నది? పాడిన మనిషి పేరు, ఊరు చెప్పకుండా ‘జానపదం’ అని సరిపెట్టి పైన మన పేరు వేసుకుంటే, 1955లో బూన్ చేసిన పనినే మనమూ చేస్తున్నాం.