రాయచోటి క్రాస్ కటింగ్

పారిస్ దర్జీలకు దక్కిన గౌరవంలో కొంతయినా రాయచోటిలో జాకెట్లు కుట్టేవాళ్లకు దక్కాలి. మదలెన్ వియొన్నే (1876–1975) 1912లో పారిస్‌లో సొంత సంస్థ తెరిచింది. 1920లలో గుడ్డను పోగు వెంట కాక ఐమూలగా కత్తిరించి గౌన్లు కుట్టి పేరు తెచ్చుకుంది. నేతగుడ్డ పడుగు వెంట గానీ పేక వెంట గానీ పెద్దగా సాగదు; ఐమూలగా లాగితే సాగి ఒంటికి అమరుతుంది. మన టైలర్లు క్రాస్ కటింగ్ అనేది దీన్నే. ఇది ఆమె నుంచే ఇక్కడికి వచ్చిందని నేననను. గుడ్డ గుణం ఎక్కడైనా ఒకటే.

ఆమె కొత్తవి సృష్టించింది, వీళ్లు ఆది జాకెట్టు చూసి కుడతారు కదా అనొచ్చు. అందులో నిజం సగమే. ఆది జాకెట్టు కొలతలిస్తుంది గానీ గుడ్డ చాలుతుందో లేదో చెప్పదు. ఐమూల కోత గుడ్డను ఎక్కువ తింటుంది. వియొన్నే అందుకోసం వెడల్పాటి గుడ్డ ప్రత్యేకంగా నేయించుకుంది. ఇక్కడ టైలరు చేతికొచ్చేది చీరతో వచ్చిన ముక్క, సుమారు 80 సెంటీమీటర్లు. అందులోనే అంచు చేతులకు రావాలి, ముందుభాగం క్రాస్‌లో పడాలి, చాలకుంటే అతుకు చంక కింద దాగాలి. నకళ్లను అడ్డుకోడానికి ఆమె లేబుల్ మీద బొటనవేలి ముద్ర వేసేది. మనవాళ్లకు చాలామందికి లేబులే లేదు. కుట్టు కుదరకపోతే మాత్రం పేరు వీధంతా తెలుస్తుంది! రెడీమేడ్ ఉండగా వీళ్లెందుకంటారా? పక్కకుట్లలో మడిచి వదిలిన ఆ రెండు వేళ్ల గుడ్డ, ఒళ్లు చేసినప్పుడు విప్పుకోడానికి, రెడీమేడ్‌లో అరుదు.