పాల లెక్క పక్కన ఎర్ర చుక్క

వంటింటి గోడమీద క్యాలెండర్‌లో అన్నీ ఉంటాయి. పాలు వద్దన్న రోజులు, గ్యాస్ బండ పెట్టిన తేదీ, చీటీ కట్టాల్సిన గడువు. ఇంటావిడ నెలసరి మాత్రం ఉండదు. గుర్తుంటుందిలే అనుకుంటాం. తీరా డాక్టరమ్మ అడిగితే పైకప్పు వైపు చూస్తాం. "వినాయక చవితి పూజ మా తోడికోడలు చేసింది, అంటే..." అంటూ పండగల మీదుగా లెక్క కడతాం.

కొన్నాళ్లుగా నేను ఎర్ర పెన్నుతో చుక్క పెడుతున్నాను. ఎక్కువగా అయితే రెండు చుక్కలు, నడుం నొప్పికి అడ్డగీత, ఎవరిమీదైనా ఊరికే అరిస్తే సున్నా. మా అత్తగారు చూసి, "లక్ష్మీదేవి బొమ్మ కింద అవేం రాతలమ్మా!" అన్నారు. "ఆవిడా ఆడదే కదత్తయ్యా" అన్నాను. అస్సాంలో కామాఖ్య అమ్మవారికి నెలసరి అని ఏటా జూన్‌లో మూడు రోజులు గుడి మూసి, పెద్ద జాతర చేస్తారంటే అత్తగారు నమ్మలేదు.

"స్త్రీలో దాగిన శక్తిని మేల్కొలుపుతాం" అంటూ శిబిరాల ప్రకటనలు వస్తుంటాయి. కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంటే హాయే, కాదనను. కానీ మన ఒంటి సంగతి మనకే తెలియనప్పుడు మేల్కొనేదేమిటి? ఆ తెలియకపోవడం ఎక్కడికి దారితీస్తుందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంమీద 100కి 3 పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 8కి పైనే. కొందరికి ఆ ఆపరేషన్ తప్పదు, నిజమే. మరి మిగతావాళ్లు? తెల్లబట్ట, నడుం నొప్పి, నాగా పెడితే కూలి పోతుందన్న దిగులు. "పిల్లల ఆపరేషన్ అయిపోయిందిగా, ఇక దాంతో పనేముంది? ఉంచితే క్యాన్సర్" అని భయపెట్టేవాళ్లు సరేసరి. రక్తస్రావానికి మాత్రలున్నాయి, లోపల అమర్చే హార్మోన్ లూప్ ఉంది. గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే 35 ఏళ్లకే ముట్లుడిగినట్టు: ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, గుల్లబారే ఎముకలు. సంతకం పెట్టించుకునే ముందు ఇవి విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ.

1969లో బోస్టన్‌లో డాక్టర్ల తీరుతో విసిగిన కొందరు ఆడవాళ్లు కూర్చుని తమ ఒంటి గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటలే తర్వాత పుస్తకమయ్యాయి. ఆ దారిలోనే 1991లో మన మహిళా సంఘం స్త్రీశక్తి సంఘటన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం తెచ్చింది. ఆ పేరే నాకిష్టం. అడగడానికి సిగ్గుపడనక్కర్లేదని అట్టమీదే చెప్పేసింది.

అలాగని డాక్టర్లను వదిలేసి నమ్మడానికి అమ్మమ్మల మాటంతా వేదం కాదు. ముర్రుపాలు పిండి పారబోయమన్నదీ, బాలింత దాహమన్నా నీళ్లు పొయ్యొద్దన్నదీ వాళ్లే. పురిటికి పుట్టింటికి పిలిపించుకుని, నెలల తరబడి నడుం వాల్చనిచ్చిందీ వాళ్లే. ఈ రెండో మాటని మాత్రం మనవాళ్లు త్వరగా మర్చిపోతున్నారు.

మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ గర్భసంచి తీయించుకోవడానికి అప్పు కూడా మాట్లాడుకుంది. కొన్ని నెలలు చుక్కలు పెట్టి చూడమన్నాను. ఆ కాగితాలు పట్టుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఆ డాక్టర్ చూసి రక్తపరీక్షలు రాసింది. థైరాయిడ్ తేలింది. ఇప్పుడు మాత్ర వేసుకుంటోంది. అప్పు మాత్రం తీసుకుంది, పికో మిషన్ కొనడానికి.