పాట ఆపి వినండి

మా మేనల్లుడు ఈ మధ్య ఒక డ్యాక్ కొన్నాడు. కంప్యూటర్లో అంకెల రూపంలో ఉన్న పాటను యూఎస్‌బీ వైరు ద్వారా తీసుకుని యాంప్లిఫయర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బా అది. కొన్నది మంచిదే, ధర కూడా సబబే. నాకు కోపం తెప్పించింది దాంతోపాటు షాపువాళ్లు అంటగట్టిన కేబుల్. మీటరు పొడుగుంటుంది, డ్యాక్ ధరలో సగం పలికింది. "ఇది వేస్తే గొంతులో మాధుర్యం పెరుగుతుంది సార్, బేస్ నిండుగా వస్తుంది" అన్నారట. కుర్రాడు మొదటి జీతాల్లోంచి దాచుకున్న డబ్బు అది.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవారికి ఈ విషయంలో నా పట్టుదల తెలుసు. అంకెలు అంకెలే. సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు, కుడీ ఎడమా రెండు చానళ్లు. మొత్తం సెకనుకు 14,11,200 బిట్లు. యూఎస్‌బీ 2.0 దారి సెకనుకు 48 కోట్ల బిట్లు మోయడానికి వేసిన దారి. దానికి ఒక పాట బరువే కాదు.

ఆ 44,100 అన్న అంకె ఎక్కడిదని చాలామంది అడుగుతుంటారు. సీడీలు బజారుకొచ్చింది 1982లో. అంతకుముందు డిజిటల్ రికార్డింగును వీడియో టేపు మీద దాచేవారు. మన దేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతిలో గీతకు 3 నమూనాల చొప్పున 294 గీతల మీద, సెకనుకు 50 ఫీల్డులు వేస్తే సరిగ్గా 44,100. జపాన్, అమెరికా పద్ధతిలో 245 గీతలు, 60 ఫీల్డులు వేసి చూడండి, అదే 44,100. రెండు లోకాల టీవీలకూ సరిపడే అంకె అని దాన్నే ఉంచేశారు.

కంప్యూటర్ ఈ నమూనాలను వరదలా వదలదు, పొట్లాలు కట్టి పంపుతుంది. యూఎస్‌బీ మొదటి పద్ధతిలో మిల్లీసెకనుకు ఒక పొట్లం. మిల్లీసెకనుకు 44.1 నమూనాలు రావాలి, కానీ నమూనాను ముక్క చేయలేం. అందుకని తొమ్మిది పొట్లాల్లో 44 చొప్పున వేసి పదో పొట్లంలో 45 వేస్తారు. హైస్పీడ్ పద్ధతిలో ఇదే వరస ఇంకా వేగంగా నడుస్తుంది, సెకనుకు 8,000 సార్లు. ఈ 8,000 అంకెను గుర్తుంచుకోండి, కింద పని పడుతుంది.

ఈ ఏర్పాటులో ఒక కఠినమైన నియమం ఉంది. దారిలో పొట్లం చెడితే మళ్లీ పంపమని అడిగే వీలు లేదు. ప్రింటర్‌కో పెన్‌డ్రైవ్‌కో ఆ వెసులుబాటు ఉంది, పాటకు లేదు. ఎందుకంటే పాట ఆగి ఎదురుచూడలేదు. కేబుల్ కంపెనీలు ఈ మాట పట్టుకునే భయపెడతాయి. కానీ పొట్లం చెడితే వినిపించేది 'టిక్కు'మనే చప్పుడు, లేదా పాట మధ్యలో తెగడం. చెడ్డ వైరు పాటను తెంపుతుంది తప్ప, కీర్తనలో గమకాన్ని కాస్త మొద్దుచేసి, మృదంగంలో తొప్పి వైపు నాదాన్ని కాస్త పల్చన చేసి ఊరుకోవడం దాని వల్ల అయ్యే పని కాదు.

నమూనాలకు తాళం వేసే గడియారం సంగతి వేరే, అది నిజంగానే పెద్ద సంగతి. పాత యూఎస్‌బీ డ్యాకుల్లో చాలావాటికి తాళం వేసేది కంప్యూటరే. డ్యాక్ దాని వెనకాలే సర్దుకుంటూ నడిచేది. అసింక్రనస్ పద్ధతిలో అది తిరగబడింది. డ్యాక్ లోపలి క్రిస్టల్‌దే తాళం, అది "కొంచెం ఎక్కువ పంపు, కొంచెం తక్కువ పంపు" అని కంప్యూటర్‌కు చెబుతుంటుంది. అమెరికాలో వేవ్‌లెంగ్త్ ఆడియో నడిపిన గోర్డన్ రాంకిన్ ఈ పద్ధతిని హైఫై లోకానికి అలవాటు చేసినవాళ్లలో ముఖ్యుడు. ఇప్పుడు సాదా డ్యాకుల్లోనూ ఇదే ఉంటోంది. తాళం పాటను పంపేవాడి దగ్గర కాకుండా పాడేవాడి చేతికే వచ్చిన తరవాత, మధ్యలో వైరు చెడగొట్టడానికి మిగిలింది చాలా తక్కువ.

పాటను నిజంగా మార్చేది కంప్యూటర్ లోపలే ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. విండోస్ చాలాసార్లు అన్ని శబ్దాలనూ కలిపి 48,000కు సెట్ చేసి పంపుతుంది. సీడీ నుంచి తీసిన 44,100 పాట అక్కడికి వెళ్లగానే ప్రతి 147 నమూనాల చోట 160 కొత్తగా లెక్కగట్టి తయారవుతాయి. లెక్క బాగానే కట్టవచ్చు, కానీ అసలు కట్టాల్సిన అవసరమేముంది? సౌండ్ సెట్టింగ్స్‌లో డ్యాక్ ఎంచుకుని, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి 44,100 పెట్టండి. ఫూబార్ లాంటి ప్లేయర్ ఉంటే ఎక్స్‌క్లూజివ్ మోడ్ పెట్టండి, మధ్యలో ఎవరూ వేలు పెట్టరు. మ్యాక్ ఉన్నవారికి ఆడియో మిడి సెటప్‌లో ఉంటుంది ఇదే పని. విండోస్‌కు 2017 దాకా యూఎస్‌బీ ఆడియో రెండో తరం డ్రైవరు సొంతంగా లేదు. ఇప్పుడు ఉంది, కాబట్టి చాలా డ్యాకులకు వేరే సీడీ, వేరే డ్రైవరు అక్కర్లేదు.

ఇదంతా ఫోన్లో మేనల్లుడికి చెప్పాను. కేబుల్ తిరిగి ఇచ్చేయమన్నాను. వాడు ఓపిగ్గా విని ఒక మాటన్నాడు. "మావయ్యా, మాధుర్యం సంగతి నాకు తెలీదు. కేబుల్ మార్చాక వెనకాల వచ్చే గీ మనే చప్పుడు మాత్రం తగ్గింది. అది నేను విన్నాను."

విన్నానని చెప్పినవాడి మాట కొట్టిపారేయడం నాకు చేతకాదు. అది నాకు తెనాలిలో ఒక రేడియో మెకానిక్ నేర్పిన పాఠం.

ఆయన్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. స్టేషన్‌కు వెళ్లే రోడ్డులో బడ్డీ కొట్టంత షాపు. లోపల గోడ నిండా తెరిచిన రేడియోలు, సోల్డరింగ్ పొగ వాసన. బల్ల కింద పాత కండెన్సర్లు నిండిన బిస్కెట్ డబ్బా. మా నాన్నగారి వాల్వు రేడియో గుర్రుమంటోందని నేను దాన్ని రిక్షాలో పెట్టుకుని తీసుకెళ్లాను. బాబాయ్ దాన్ని అప్పుడే విప్పలేదు. "తెల్లవారుజామున రా అబ్బాయ్" అన్నాడు.

వెళ్లాను. ఆయన విజయవాడ కేంద్రం మీద ముల్లు పెట్టి కూర్చున్నాడు. సిగ్నేచర్ ట్యూన్ ఇంకా మొదలు కాలేదు. స్టేషన్ తరంగం అప్పటికే గాలిలో ఉంది, దానిమీద ఏ శబ్దమూ లేదు. స్టేషన్ లేని చోట వినిపించే బరబర అణిగిపోయి, రేడియో ఒక్కసారి నెమ్మదించింది. ఆ నెమ్మదిలో మా రేడియో సొంత మోత ఒక్కటే మిగిలింది. "ఇప్పుడు విను" అన్నాడు బాబాయ్. "పాట వచ్చాక అందరికీ పాటే వినపడుద్ది. సెట్టులో జబ్బు పాట లేనప్పుడే తెలుస్తది."

ఆ మోతను ఆయన గొంతుతో అందుకున్నాడు. తరవాత దానికి ఒక స్థాయి కింద అదే స్వరం పట్టాడు. కరెంటు మన దేశంలో సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ పెద్ద సెట్లలో ఏసీని డీసీగా మార్చేచోట మోత రెట్టింపై 100 అవుతుంది. ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోతే ఆ 100 మోత స్పీకర్లోకి దిగుతుంది. ఎర్త్ సరిగా లేకనో, వైరు పక్కన వైరు పోవడం వల్లనో వచ్చే మోత కింది స్థాయిలో, 50 దగ్గర ఉంటుంది. రెండూ ఒకే స్వరం, స్థాయి ఒక్కటే తేడా. మీటరు ముట్టుకోకుండా బాబాయ్ ఆ తేడా చెప్పేవాడు. మా సెట్టుది పై స్థాయి మోత. కండెన్సర్ మార్చాడు. ఈలోగా సిగ్నేచర్ ట్యూన్ వచ్చింది, దాని వెనక భక్తిరంజని వచ్చింది. ట్యూన్‌లోని తంబురా మీటు ఒక్కొక్కటీ విడిగా వినిపించింది. అంతకుముందు ఆ తంబురా మా రేడియోలో ఎప్పుడూ మోతతో కలిసిపోయే వినిపించేది, అదే దాని తీరు అనుకునేవాణ్ణి.

ఆయన షాపు ఇప్పుడు లేదు. నాకు హైఫై గురించి తెలిసిన దాంట్లో సగం ఆ బల్ల దగ్గర తెలిసిందే. కొత్తగా డ్యాకులూ యాంపులూ కొనే పిల్లలు మంచి పాట పెట్టి పరీక్ష చేస్తారు. ముందు ఏ పాటా పెట్టకుండా పరీక్ష చేయాలన్నది నా పాత పోరు.

ఆదివారం కూకట్‌పల్లిలో మేనల్లుడి ఫ్లాట్‌కు వెళ్లాను. పాట ఆపించాను, యాంప్ వాల్యూమ్ మామూలుగా వినే దానికన్నా పైకి తిప్పించాను, ఇద్దరం స్పీకర్ దగ్గర చెవి పెట్టాం. రెండు చప్పుళ్లు స్పష్టంగా ఉన్నాయి. అడుగున గుర్రుమనే మోత, పైన సన్నటి ఈల. మౌస్ కదిపితే ఆ ఈల పక్కన చిరచిర. ల్యాప్‌టాప్ రెండు పిన్నుల చార్జర్ పీకేయమన్నాను. గుర్రు ఆగిపోయింది. ఈల మిగిలింది. అతని పాత కేబుల్ వేయించాను. అది ఎక్కడో దొరికిన పొడవాటి బక్క వైరు. ఈల పెరిగింది. ఖరీదైన కేబుల్ వేస్తే తగ్గింది. కుర్రాడు విన్నది నిజం.

నేను సంచిలో ఇంకో కేబుల్ తీసుకెళ్లాను. మా ప్రింటర్‌కు వేసేది, పొట్టిది, లావుది. అది వేసినా ఈల అంతే తగ్గింది.

యూఎస్‌బీ 2.0 వైరులో నాలుగు తీగలుంటాయి. రెండు అంకెలు మోస్తాయి, ఒకటి 5 వోల్టుల కరెంటు తెస్తుంది, నాలుగోది గ్రౌండ్. పైన కవచంలా షీల్డు. అంకెల సంగతి నేను చెప్పినట్టే, వాటికేమీ కాలేదు. కానీ ఆ గ్రౌండ్ తీగ కంప్యూటర్ ఒళ్లంతా డ్యాక్‌కు అంటగడుతుంది, డ్యాక్ నుంచి ఆర్‌సీఏ వైరు యాంప్‌కు అంటగడుతుంది. రెండు పిన్నుల చార్జర్ పెట్టి మెటల్ ల్యాప్‌టాప్ మీద చేయి రాస్తే వేళ్లకు జివ్వుమంటుంది కదా, ఆ లీకేజీ కరెంటు దారి వెతుక్కుంటూ ఈ తీగలోంచి యాంప్ ఎర్త్‌కు పోతుంది. అదీ ఆ గుర్రు. సన్నటి ఈల అంటారా, పొట్లాలు వచ్చే వరస సెకనుకు 8,000 అన్నానే, ప్రతి పొట్లానికీ కంప్యూటర్, డ్యాక్ తీసుకునే కరెంటులో ఒక చిన్న కుదుపు ఉంటుంది. ఆ కుదుపే గ్రౌండ్ ద్వారా స్పీకర్ దాకా వచ్చింది. తీగ బక్కగా, పొడుగ్గా ఉంటే దాని నిరోధం ఎక్కువ, కుదుపు ఎక్కువ. లావుగా, పొట్టిగా ఉంటే తక్కువ. బంగారు పూత, వెండి అల్లిక వీటికి అందులో పాత్ర లేదు.

కాబట్టి అంకెలు అంకెలే అన్న మాట నేను వదలను. వైరులో వెళ్లేది అంకెలు మాత్రమే అనుకోవడం మాత్రం ఇకమీద వదిలేద్దాం. ఇంత దూరం వచ్చాక, యూఎస్‌బీ గొప్పదనం గురించి ఇన్నాళ్లు రాసిన నేనే ఇంకో మాట చెబుతాను. మేనల్లుడి డ్యాక్ వెనక చతురస్రంగా ఒక చిన్న ఆప్టికల్ సాకెట్ ఉంది, వాడి పాత డెస్క్‌టాప్ వెనకా ఉంది. తోషిబా 1983లో తెచ్చిన టాస్‌లింక్. దాంట్లో వెళ్లేది వెలుగు, కరెంటు కాదు. గ్రౌండ్ కలవదు. ఆ వైరు వేశాం, పాట ఆపి విన్నాం. ఏమీ లేదు. తాళం మళ్లీ కంప్యూటర్ చేతికి వెళ్లిన మాట నిజమే, చాలాచోట్ల 96,000 దాటదన్నదీ నిజమే. కానీ మన ఘంటసాల, బాలమురళి, ద్వారం వారి రికార్డింగుల్లో మనకు దొరికేవి ఎక్కువగా 44,100లోనే ఉన్నాయి. మంచి డ్యాక్ ఆ తాళం తేడాను సర్దుకుంటుంది, మోతను మాత్రం ఏ డ్యాకూ పూర్తిగా సర్దుకోలేదు. ఆ సౌకర్యం ఉన్నవారికి నా సలహా ఆప్టికలే. లేనివారు ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద పెట్టి వినండి, పొట్టి కేబుల్ వాడండి, అప్పటికీ పోకపోతే యూఎస్‌బీ ఐసొలేటర్ అని దొరుకుతుంది, అది గ్రౌండ్‌ను విడదీస్తుంది.

ఒక్క పని మాత్రం చేయకండి. మోత పోవాలని యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మోత పోతుంది, నిజమే. లోపల తీగ ఊడి బాడీకి తగిలిన రోజున దాన్ని ముట్టుకున్నవాడు కూడా పోతాడు. ఎర్తింగ్ గురించి ఎన్నిసార్లు రాసినా తక్కువే. కేబుల్ కొనే డబ్బు పక్కన పెట్టి ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మీ స్టీరియో పెట్టిన సాకెట్ మూడో రంధ్రం వెనక ఎర్త్ వైరు నిజంగా ఉందా, అది కింద ఎర్త్ గుంతదాకా వెళ్లిందా చూడమనండి. గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి ఎన్నేళ్లయిందో ఇంటి ఓనరును అడగండి, ఎండాకాలానికి ముందు నాలుగు బిందెల నీళ్లు పోయించండి.