వీధి పేర్లు: కథ, ఆధారం

హైదరాబాదు పాతనగర వీధుల పేర్లను గూర్చి వ్రాసేవారు విన్న కథనే చరిత్రగా నిర్ణయించడం పరిపాటి అయినది. చార్మినారుకు పడమట నున్న లాడ్ బజారు ఇందుకు ఉదాహరణ.

గాజులకు వాడే లక్కను ఉర్దూలో ‘లాఖ్’ అంటారు గనుక అదే ‘లాడ్’ అయినదని కొందరి వాదం. ‘లాడ్’ అంటే గారాబం గనుక, పెండ్లి సామగ్రి అమ్మే బజారుకు ఆ పేరు తగినదని మరికొందరి వాదం. మొదటివారికి అక్కడి వృత్తి అండగా ఉన్నది. కాని ‘ఖ’కారం ‘డ’కారంగా ఎట్లు మారినదో వారు చూపరు. రెండవవారికి ఉచ్చారణ కుదిరినది. ఉచ్చారణ కుదిరినంత మాత్రాన చరిత్ర కాజాలదు.

మూసీకి ఆవల నున్న సుల్తాన్ బజారు సంగతి వేరు. పూర్వం అది రెసిడెన్సీ బజారు. 1933లో బ్రిటిషువారి అధీనం నుండి నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చిన పిమ్మట పేరు మారినది. పాత పేరు, కారణం, సంవత్సరం అన్నీ తెలిసినవే. ఊహకు చోటు లేదు.

జనశ్రుతిని నమోదు చేయవలసినదే, అయితే జనశ్రుతిగానే. పాత ఫర్మానాలతోను, 1908 వరదల తరువాత తయారైన నగర పటాలతోను సరిచూడనిచో, ఒక వ్యాసంలోని ఊహ మరొక వ్యాసానికి ఆధారమై కూర్చుంటుంది. అప్పుడు నిజంగా ఆ వీధిని నిలిపిన పనివారి చరిత్రే మరుగున పడుతుంది.