మార్గము, దేశి: మన రంగస్థలమున కొఱవడిన సగము

ఒక జాతి నాట్యమును గూర్చి ముచ్చటింపవలసి వచ్చినప్పుడు, ఆ జాతిలో మిక్కిలి ప్రసిద్ధమైన యొక రూపమును తీసికొని, దాని గొప్పతనమును వర్ణించి, అంతటితో విషయము ముగిసినదని తలంచుట మనకు పరిపాటి. తెలుగువారి నాట్యమేది యని యెవరైన అడిగిన తోడనే కూచిపూడి యని మనమందఱమును బదులు చెప్పుదుము. ఆ బదులు తప్పు కాదు, కాని అది సగము బదులు మాత్రమే. తక్కిన సగమును మఱచుట వలన ప్రవాసమున స్థిరపడిన మన కుటుంబములకు కలుగుచున్న నష్టమెట్టిదో ఈ వ్యాసమున విచారింపదలచితిని. నేను నాట్యశాస్త్ర పండితుడను కాను. ఏటేట సంఘ వార్షికోత్సవములలో కడపటి అంశము వఱకు కూర్చుండి చూచు ప్రేక్షకుడను మాత్రమే. ఐనను ప్రేక్షకునికి గూడ విమర్శించు నధికారము కొంత కలదని నా విశ్వాసము.

మన పూర్వులు నృత్తమును మార్గమనియు, దేశి యనియు రెండుగా విభజించిరి. భరతముని నాట్యశాస్త్రము ననుసరించి శాస్త్రనియమమునకు లోబడి నడచునది మార్గము. ఆయా ప్రాంతముల జనుల రుచి ననుసరించి పుట్టి పెరిగినది దేశి. ఈ విభజనమును విన్నవారిలో పెక్కుమంది మార్గము ఉత్తమమనియు, దేశి అధమమనియు తలంచుట కద్దు. మన గ్రంథకర్తలు అట్లు తలంపలేదు. అందులకు ప్రబలమైన సాక్ష్యము మన బీదరు జిల్లాతోనే ముడిపడి యున్నది.

నేడు బసవకల్యాణమని పిలువబడు పట్టణము ఒకప్పుడు పశ్చిమ చాళుక్యులకు రాజధాని. ఆఱవ విక్రమాదిత్యుని కుమారుడగు మూడవ సోమేశ్వరుడు అచ్చట 1126 మొదలు 1138 వఱకు రాజ్యమేలెను. ఆయన సంస్కృతమున రచించిన మానసోల్లాసము రాజునకు వలయు విషయములన్నిటిని చెప్పు మహాగ్రంథము. అందు నృత్యమును గూర్చి ప్రత్యేక భాగమొకటి కలదు. నటులను, నర్తకులను మాత్రమే కాక వైతాళికులను, చారణులను, శరీర విన్యాసములు చూపు కొల్లాటికులను గూడ సోమేశ్వరుడు ఒకే పంక్తిలో కూర్చుండబెట్టెను. కల్యాణమున జరిగిన భూతమాతృ మహోత్సవములో భిల్లస్త్రీ వేషము ధరించి యాడిన యొక నర్తకిని చూచి, ఆ యాట నచ్చి, గోండలి యను నృత్తమును ఈ రాజే యేర్పఱచెనని తరువాతి గ్రంథకర్త జాయప సేనాని వ్రాసినాడు. అడవి జనుల యాట రాజసభకు వచ్చి, అక్కడినుండి శాస్త్రగ్రంథమున కెక్కినదన్నమాట. హుమ్నాబాదు తాలూకాలోని జలసంగి దేవాలయపు గోడలపై నిలిచిన మదనికలను చూచినవారికి ఆ కాలపు నాట్యాభిరుచి యెట్టిదో వేఱుగ చెప్పవలసిన పనిలేదు. విక్రమాదిత్యుని ప్రశంసను శిలపై వ్రాయుచున్న స్త్రీమూర్తి గూడ ఆ గోడపైననే యున్నది.

పైని పేర్కొన్న జాయప, కాకతి గణపతిదేవుని గజసైన్యమునకు అధిపతి. 1253-54 ప్రాంతమున ఆయన నృత్తరత్నావళిని రచించెను. ఆ గ్రంథమున ఎనిమిది అధ్యాయములు కలవు. మొదటి నాలుగు మార్గమునకును, తక్కిన నాలుగు దేశికిని కేటాయింపబడినవి. న్యాయబుద్ధి గల అన్న ఇద్దఱు తమ్ములకు ఆస్తి పంచినట్లు ఆయన రెండింటికిని సరిసమానముగ పాలు పెట్టెను. పేరణి, ప్రేంఖణము, రాసకము, దండరాసకము, చర్చరి, చిందు, కందుకము, చారణము, బహురూపము మొదలగు పేర్లు అందు కనబడును. కోలలు పట్టి యాడు దండరాసకమును గూర్చి చదువుచున్నప్పుడు మన పల్లెల కోలాటము జ్ఞప్తికి రాక మానదు. ఏనుగుల బలమును నడిపిన సేనాని జనుల యాటలను ఇంత శ్రద్ధతో పరిశీలించి లక్షణములు వ్రాయుట సామాన్య విషయము కాదు. ఈ గ్రంథమును డాక్టరు వి. రాఘవన్ పరిష్కరింపగా 1965లో మదరాసున ప్రకటింపబడినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెలుగు చేసిరి. కావున సంస్కృతము రానివారు గూడ దానిని చదువవచ్చును.

పాల్కురికి సోమనాథుని మాట యిచ్చట చెప్పక తప్పదు. కల్యాణమున వెలసిన బసవేశ్వరుని చరిత్రను తెలుగు ద్విపదలో బసవపురాణముగ వ్రాసినవాడు ఆ మహాకవియే. ఆయన పండితారాధ్య చరిత్రములోని పర్వత ప్రకరణమున శివరాత్రికి శ్రీశైలము చేరిన భక్తుల ఆటపాటలను విస్తారముగ వర్ణించెను. రాజసభలో పండితుడు చూచిన నాట్యము జాయప గ్రంథమున నున్నది. కొండమీద జనసమూహము ఆడినది సోమనాథుని కావ్యమున నున్నది. రెండును కలిపి చదివినగాని 13వ శతాబ్దిలో తెలుగువారి నాట్యము పూర్తిగ తెలియదు.

ఇక నేటి స్థితిని చూతము. పేరణి యను పేరుతో నేడు రంగస్థలముపై కనబడు నృత్యమునకు కర్త నటరాజ రామకృష్ణగారు. ఆయన నృత్తరత్నావళిని, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి శిల్పములను ఆధారముగ గొని, 20వ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ రూపమును కూర్చిరి. 2011లో దివంగతులైన ఆ మహనీయుని కృషికి తెలుగుజాతి ఋణపడి యున్నది. మృదంగ ధ్వనికి సరిగ పురుషులు వీరావేశముతో అడుగులు వేయుచుండగా శరీరము గగుర్పొడుచు మాట నిజమే. కాని కొందఱు ప్రకటించునట్లు అది కాకతీయుల నాటినుండి తెగక వచ్చిన పరంపర కాదు. శిల్పము భంగిమను చూపగలదు గాని, ఒక భంగిమ నుండి మఱియొక భంగిమకు నర్తకుడు ఏ నడకతో వచ్చెనో చూపజాలదు. గ్రంథము లక్షణమును చెప్పును గాని, గురువు చేతి తాళమును వినిపింపదు. ఆ ఖాళీలను పూరించినది రామకృష్ణగారి ప్రతిభ. దానిని ప్రతిభయని గౌరవించుటయే న్యాయము. ప్రాచీనమను ముద్ర వేసి ఆ ప్రతిభను మఱుగుపఱచుట ఆయనకే అపచారము.

కూచిపూడి కథ వేఱు. అది నిజముగ పరంపర గలది. ఐనను మన పిల్లలు నేడు నేర్చుకొనునది ఆ పరంపరలో ఒక భాగము మాత్రమే. కృష్ణా తీరమున పుట్టిన ఈ కళ మూలమున భాగవత మేళము. మగవారే స్త్రీ వేషములు ధరించి రాత్రియంతయు ఆడి, పాడి, మాటలాడి కథను నడిపించెడివారు. విజయనగర ప్రభువు ఎదుట సమ్మెట గురవరాజు దౌష్ట్యమును ప్రదర్శనమున బయటపెట్టినట్లు మాచుపల్లి కైఫియతు చెప్పుచున్నది. ఆటకు మాట తోడైనందుననే అది సాధ్యమైనది. సిద్ధేంద్రయోగి పేర నిలిచిన భామాకలాపములో సత్యభామ కేవలము నర్తించుట లేదు, తన జడను గూర్చి, మగనిని గూర్చి, తనను గూర్చి వాదించుచున్నది. ఆ పాత్రకు 2012లో కీర్తిశేషులైన వేదాంతం సత్యనారాయణశర్మగారు పోసిన ప్రాణమును చూచినవారు ఎన్నటికిని మఱువజాలరు.

20వ శతాబ్దిలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు ఏకపాత్ర నృత్యమునకు ప్రాధాన్యమిచ్చి, స్త్రీలకు గూడ ఈ విద్యను నేర్పిరి. వెంపటి చినసత్యముగారు 1963లో మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి దీనిని ప్రపంచమునకు పరిచయము చేసిరి. స్త్రీలు ప్రవేశించుట ఈ కళకు మహోపకారము. కాని మాట తగ్గినది, కథ కుదించుకొనిపోయినది. మన వేదికపై పది నిముషముల తరంగము, ఇత్తడి పళ్లెము అంచున అడుగులు, కరతాళధ్వనులు, అంతటితో సరి. పాట అర్థము పిల్లకు తెలియదు, తల్లికిని తెలియదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బజారులో దక్కనీ వినుచు పెరుగు బీదరు బిడ్డకు మాటతో కూడిన కలాపమే ఎక్కువ మేలు చేయగలదు. నాలుకపై తెలుగును నిలుపు శక్తి దానికి కలదు.

చిందు భాగవతమును గూర్చి మన సంఘముల మౌనము మఱింత శోచనీయము. తెలంగాణ పల్లెలలో చిందు మాదిగలు కుటుంబములతో తిరుగుచు జాంబపురాణమును, పౌరాణిక కథలను ఆడెడివారు. ఇందు స్త్రీలు ఆదినుండియు వేషము కట్టిరి. కూచిపూడి మేళమున స్త్రీకి తావు లేని కాలముననే, చిందు మేళమున స్త్రీ రంగమును ఏలినది. నిజామాబాదు జిల్లా చిందు ఎల్లమ్మ బాల్యము నుండి వేషము కట్టి, 2005లో మరణించునాటికి ఆ కళకే పేరుగ నిలిచినది. జాయప తన గ్రంథమున చేర్చిన చిందు అను పేరును ఎనిమిది వందల ఏండ్లకు సమీపించిన పిమ్మట గూడ మోయుచున్నవారు వీరు. ఆ చిందు, ఈ చిందు ఒకటేనా యను చర్చ పండితులది. ఆ పేరు గల కళాకారులకు మన వేదిక ఎక్కు నర్హత లేదా యను ప్రశ్న మాత్రము మనది.

ఈ వ్యాధి మనకొక్కరికే పట్టినది కాదు. సింహళమును చూడుడు. ఆ దేశపు నాట్యమున మూడు శాఖలు కలవు: కొండసీమది, దక్షిణ తీరసీమది, సబరగమువది. మూడింటికి మూడు మద్దెలలు: గెట బెరయ, యక్ బెరయ, దవుల. కొండసీమ నాట్యము కొహొంబ కంకారియ యను శాంతికర్మలో పుట్టి, క్యాండీ రాజుల ఉత్సవములలో పెరిగినది. 1739 మొదలు 1815 వఱకు ఆ క్యాండీ నేలినవారు మధుర నుండి వచ్చిన నాయక వంశీయులు, అనగా మూలమున తెలుగువారే. 20వ శతాబ్దిలో చిత్రసేన, వజిర దంపతులు ఆ విద్యను నాటకశాలకు తెచ్చి ఘనకీర్తి నార్జించిరి. కాని కొండసీమ నాట్యమే జాతీయ నాట్యమను పేరు పొందగా, వేషములతో, భూతముఖములతో రోగశాంతికై ఆడు తీరసీమ నాట్యము వెనుకబడినది. తరతరములుగ డోలు వాయించి ఆ విద్యను కాపాడిన బెరవ కులమువారికి దక్కవలసినంత కీర్తి దక్కలేదు. ఒక రూపమునకు జాతి పేరు పెట్టిన తోడనే తక్కిన రూపములు నీడలోనికి పోవుననుటకు ఇదియొక నిదర్శనము.

"దేశి నృత్యములు చూచుటకు బాగుగనే యుండును, కాని వానికి ప్రమాణమేది?" అని కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. ప్రమాణము కలదు. బతుకమ్మ చుట్టు తిరుగు స్త్రీల చప్పట్లు లయ తప్పిన వెంటనే వృద్ధురాలు గద్దించుట లేదా? ఆదిలాబాదు గోండుల గుస్సాడీలో నెమలియీకల కిరీటమునకు, దండమునకు, అడుగునకు నియమములు లేవా? ఆ నృత్యమునకై కనకరాజుగారు 2021లో పద్మశ్రీ పురస్కారమును పొందిరి. పుస్తకమున లేని నియమము నియమము కాదనుట గ్రంథముల ఎడ భక్తి కాదు, జనుల ఎడ నిర్లక్ష్యము.

1956 నవంబరు 1న రాష్ట్రముల సరిహద్దులు మాఱినప్పుడు మన జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. బీదరు మైసూరు రాష్ట్రమున చేరినది. కాగితముపై గీత పడినది గాని, కోలాటపు అడుగు ఆ గీతయొద్ద ఆగలేదు. జహీరాబాదు మనకు బస్సు ప్రయాణమంత దూరమే. దూరదేశము నుండి వేలకొలది రూపాయలు వెచ్చించి నాట్యబృందములను పిలిపించు సంఘములు, సరిహద్దు కావల నున్న చిందు మేళమును, ఒగ్గు డోలు బృందమును ఒక్కసారియైన పిలువవచ్చును గదా. పిలిచినప్పుడు భోజనము పెట్టి పంపుట చాలదు. కూచిపూడి గురువునకు ఇచ్చు సంభావననే వారికిని ఈయవలెను, ఆహ్వానపత్రికపై వారి పేర్లను గూడ అచ్చొత్తింపవలెను. మన పిల్లలు ప్రదర్శించు కూచిపూడి అంశములలో ఒక్కటియైన సంభాషణలతో కూడిన కలాప భాగముగ నుండవలెను. కోలాటమును కార్యక్రమారంభమున ప్రేక్షకులు కూర్చుండు వఱకు కాలక్షేపముగ కాక, నడిమి వేళలో నిలుపవలెను.

సోమేశ్వరుడు కల్యాణ వీధిలో భిల్లవేషపు ఆటను ఆగి చూచెను. జాయప తన గ్రంథమున సగము దేశికి పంచి యిచ్చెను. వారికంటె మనము గొప్ప పండితులము కాము. వచ్చు వార్షికోత్సవపు కార్యక్రమ పత్రిక సిద్ధమగునప్పుడు ఆ రెండవ సగమునకు గూడ చోటు చేయవలసినదిగా కార్యవర్గము వారిని, తలిదండ్రులను సవినయముగ ప్రార్థించుచున్నాను.