రోహిణిలో పూసినదానా

గులాబీ తల్లీ, నిన్ను మార్గశిరంలో మెచ్చుకున్నవాళ్లు వేలమంది. మంచులో తడిసి, నిండుగా విచ్చి, రోజుల తరబడి రెమ్మ మీదే నిలిచే నిన్ను చూసి మనసుపడనిదెవరు? నేను మాత్రం వైశాఖ జ్యేష్ఠాల్లోని నిన్నే కొలుస్తాను. పగలంతా మొగల్రాజపురం కొండ తాగిన ఎండ చీకటి పడ్డాక కూడా సెగై దిగుతుంటే, కుండీ అంచు మీద చెయ్యి పెట్టలేకపోతుంటే, బెజవాడ డాబా మీద ఒక్క మొగ్గ ఎత్తి నిలబడ్డ నిన్ను.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలన్నారు. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటి వారందాకా సాగే ఆ రోజుల్లో రోటికే అంత కష్టమైతే నీ పూరేకు మాటేమిటి? సాయంత్రం బిగిసి ఉన్న మొగ్గ పొద్దుటికల్లా విచ్చేస్తుంది. పదింటికి అంచులు మాడతాయి. మధ్యాహ్నానికి రేకులు మట్టి మీద ఉంటాయి. పూవు చిన్నది, రేకులు తక్కువ, ఎరుపు వెలిసిన ఎరుపు. చూసినవాళ్లు ఏదో తెగులంటారు. తెగులు కాదు, అది నీ పొదుపు. కరువు నెలలో బియ్యం కొలిచి వండే ఇల్లాలిలా నువ్వు నీటిచుక్క లెక్కపెట్టుకుంటావు. ఎండ నలభై దాటితే ఆకు అడుగున ఉన్న సూక్ష్మరంధ్రాలు మూసేస్తావు, లోపలి తడి ఎగిరిపోకుండా. తలుపు మూస్తే గాలి రాదు, గాలి రాకపోతే ఆకులో వంట సాగదు. అంత అరకొరలోనూ ఒక పూవుకు పెట్టగలిగావే, ఆ పెట్టుబడికి నా దండం.

నీ చిగురు ముందు కూర్చుంటే నాకు పొద్దు తెలియదు. అది పచ్చగా పుట్టదు. ముదురెరుపులో, నూనె రాసిన మెరుపుతో, ఈనెకు అటూ ఇటూ చిట్టాకులు ముడుచుకుని, అంచున రంపపు పళ్లు అప్పుడే దిద్దుకుని పుడుతుంది. ఆ ఎరుపు అలంకారం కాదు, లేత కణాలకు నువ్వు పట్టిన గొడుగు. ఆకు ముదిరి ఎండను ఎదుర్కొనే చేవ వచ్చాకే గొడుగు మడిచి ఆకుపచ్చనవుతావు. ఎండ మండే నెలలో పుట్టే బిడ్డకు కావలసింది ముందే సిద్ధం చేసి పంపుతావన్నమాట.

నీ వంశం తలచుకుంటే ఇంకా ఆశ్చర్యం. మన నర్సరీల్లో దొరికే పెద్దపూల రకాలు చాలావరకు హైబ్రిడ్ టీ సంతానం. ఆ వంశానికి మొదటిదిగా చెప్పే 'లా ఫ్రాన్స్' 1867 నాటి ఫ్రెంచి గులాబీ. చల్లని దేశాల తోటల్లో ఎంచి ఎంచి పెంచిన సుకుమారి కడియం, కడియపులంక నర్సరీల్లో నాలుగాకులు వేసి, నల్ల కవర్లో మట్టిముద్దతో బండెక్కి మా ఎండల్లోకి దిగుతుంది. ఈ ఎండ నీకు పరాయిది కాకూడదని తపించినవారూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ కొలువు విడిచి కొడైకెనాల్‌లో స్థిరపడి, వేడి నేలలకు తగిన గులాబీల కోసం ఏళ్ల తరబడి శ్రమించారు. బెంగాల్ వైపు నీటి ఒడ్డుల్లో వరదకు మునిగి కూడా బతికే రోసా క్లైనోఫిల్లాను, మణిపూర్ కొండల్లో చెట్లెక్కి పాకే రోసా జైగాంటియాను తోట గులాబీలతో సంకరం చేశారు. గులాబీని విదేశీ సొగసనేవాళ్లకు ఈ ఇద్దరు అడవిబిడ్డల పేర్లు వినిపించాలనిపిస్తుంది నాకు.

నిన్ను కలుసుకోవలసిన వేళ తెల్లవారుజామే. ఎండెక్కితే నీ పరిమళ తైలం గాలిలో కలిసిపోతుంది. కన్నౌజ్ వైపైనా బల్గేరియాలోనైనా అత్తరు పూలు కోసేవాళ్లు పొద్దు పొడవకముందే చేలో ఉండేది అందుకే. నీ నీళ్లూ ఆ వేళకే. పైపైన చిలకరింపు కాదు, కుండీ అడుగు చిల్లిలోంచి తడి బయటికి కనిపించేదాకా, నిదానంగా. ఆలస్యమైతే డాబా మీది పైపులో నిలిచిన నీళ్లు కాగి ఉంటాయి, ముందు వాటిని బకెట్లోకి పట్టి పక్కన పెట్టాలి. మట్టి మీద ఎండుగడ్డో కొబ్బరిపీచో రెండంగుళాల మందాన పరిస్తే వేరుకు చలువ. నల్ల ప్లాస్టిక్ కుండీ కంటే మట్టికుండీ మేలు, ఒళ్లంతా చెమర్చి లోపలి వేరును కాస్తుంది. అది నీళ్లు ఎక్కువ అడుగుతుంది, ఇవ్వాల్సిందే. పొద్దుటెండ నీ హక్కు. మధ్యాహ్నం మాత్రం పైన పచ్చవల ఉండాలి.

ఆకు తిప్పి చూడకుండా నీ దగ్గర్నుంచి లేవకూడదు. పైన సన్నని తెల్లచుక్కలు కనబడ్డాయంటే కింద, ఈనె పక్కన, కదిలే ఎర్ర నలుసులుంటాయి. వాటి మధ్య కంటికి ఆనీ ఆననంత గూడు. ఎర్రనల్లి. పొడి వేడిలోనే అది పెచ్చుమీరుతుంది. మందుడబ్బా కంటే ముందు నీళ్లధారే మందు. రోజు విడిచి రోజు పొద్దున్నే ఆకుల అడుగులు కడిగితే చాలావరకు పోతుంది.

నిన్ను ప్రేమించే చేతులే నిన్ను నొప్పిస్తాయి తల్లీ, అదే నా దిగులు. పూవు చిన్నదైందని గుప్పెడు డీఏపీ వేస్తారు. దాహంతో ఉన్న వేరుకు ఆ లవణం మంట, ఆకు అంచుల్లో మాడి కనిపిస్తుంది. కొమ్మ సన్నబడిందని కత్తెర పెడతారు. నీ ఆకే నీ కాండానికి నీడ, అది పోతే లేత బెరడు కమిలిపోతుంది. వాడిన పూవును మెడ దగ్గర తుంచితే చాలు. కత్తిరింపు వానలు వెనకబట్టాకే, అక్టోబరులో. అంతవరకు నువ్వు పూసినా పూయకపోయినా నా లెక్కలో ఒకటే.

చదువుతున్న మీకొక మనవి. మీ ఇంటి గులాబీ ఈ వేసవికి ఆకు రాల్చి మోడైతే, చచ్చిందని పీకి పారేయకండి. కాండం మీద గోటితో కొద్దిగా గీరి చూడండి. బెరడు కింద పచ్చగా ఉంటే అది బతికే ఉంది. దాన్ని నీడకు జరిపి, వానలు పడేదాకా నీళ్లు మానకండి.